కోడలి నోట రాని మాట

అత్-బాషి, అక్టోబరు

చెల్లి అసిల్గుల్‌కు బాత్మా అక్క దీవెనలు.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది, గుర్రం ఎక్కుతున్నారు. కనుమ మీద మంచు పడింది. ఈ ఉత్తరం డ్రైవరు రిస్‌బెక్ చేత పంపుతున్నాను. ఎండు పెరుగుండలు కూడా ఇచ్చాను, దారిలో అతను సగం తినకుండా ఉంటే నీకు చేరతాయి.

ఫోనులో చెప్పలేని సంగతి ఇది. మా ఇంట్లో నేను గుసగుసలాడినా అత్తగారికి వినపడుతుంది.

మెదెర్‌బెక్ నీకు గుర్తుండడు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. తోక్తోసున్ అన్న మంచుపెళ్ళల కింద పోయిన మరుసటి వేసవిలో, భుజాన టేపురికార్డరు వేసుకుని బిష్కెక్ నుంచి వచ్చాడు. చనిపోయినవాళ్ళ మీద అమ్మ కట్టి పాడే శోకాలు రికార్డు చేసుకుంటానన్నాడు. మూడు వారాలు మా పుట్టింట్లో తిన్నాడు. అమ్మ అతని కోసం గొర్రెను కోయించింది. వెళ్ళేటప్పుడు, తల్లిని పిలిచినట్టు, "జుమగుల్ అపా, నీ పేరుతో పుస్తకం వేస్తాను" అని ఆమె చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. అమ్మ చనిపోయేదాకా అడుగుతూనే ఉంది, ఆ అబ్బాయి పుస్తకం వచ్చిందా అని.

ఇప్పుడు వచ్చింది. మా ఊరి గ్రంథాలయంలో కొత్త పుస్తకాల పెట్టె విప్పి నా చేతిలో పెట్టారు. పేరు 'నా తల్లి గొంతు'. అందులో ఉన్నవన్నీ అతని తల్లి ఉముత్కాన్ కట్టిన శోకాలట. పోయిన వసంతంలోనే ఆవిడ చనిపోయింది. పుస్తకానికి ప్రభుత్వ బహుమతి ఇస్తారని అంటున్నారు.

నలభయ్యో పేజీలో మా అన్న శోకం ఉంది. ప్రతి మాటా అమ్మదే. అన్న పేరు ఉన్నచోటల్లా మెదెర్‌బెక్ తన చిన్నాన్న అకిల్‌బెక్ పేరు పెట్టాడు. తోక్తోసున్, అకిల్‌బెక్. రెండూ పాటలో ఒకేలా ఒదుగుతాయి కదా, అతనికి కష్టమే కాలేదు. ముందు పుట్టినవాళ్ళు బతకలేదని, వీడైనా ఆగాలని, అమ్మ 'ఆగనీ' అనే అర్థంతో తోక్తోసున్ అని పేరు పెట్టుకుంది. వాడు ఆగలేదు. వాడి కోసం ఏడ్చిన ఏడుపును తీసుకెళ్ళి ఇంకొకరి శవం మీద కప్పారు.

అమ్మ పోయినప్పుడు కూడా నేను గొంతెత్తి ఏడవలేదు. పెద్దగా శోకాలు పెట్టడం మంచిది కాదని ముల్లాగారు చెప్పారని ఊరుకున్నాను. ఇప్పుడు ప్రతి నమాజు తరవాత దువా చేస్తున్నాను. ఏమని చేస్తున్నానో చెబితే నీకు భయమేస్తుంది.

అమ్మ క్యాసెట్లన్నీ విని, రెండు చలికాలాలు కూర్చుని కంప్యూటరులో నేను టైపు చేసిన సంగతి నీకు తెలుసు. నీ ఆఫీసులో నల్ల తెర మీద ఏదో కొట్టి, కొండంత రాతలోంచి కావలసిన ముక్క లాగుతావని నువ్వే చెప్పావు. నాకు నేర్పు. అతని పుస్తకంలోంచి అమ్మ మాటలను ఒక్కొక్కటిగా బయటికి లాగి అతని మొహాన కొట్టాలి.

నీ అక్క
బాత్మాకాన్


బిష్కెక్, నవంబరు

బాత్మా అక్కకు,

పెరుగుండలు మూడే చేరాయి. రిస్‌బెక్‌ని అడిగితే, "దారి పొడుగు చెల్లెమ్మా" అన్నాడు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివి తలుపు వేసుకున్నాను. మీ అమ్మ, మా పెద్దమ్మ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. మర్నాడే మెదెర్‌బెక్ పనిచేసే సంస్థకు వెళ్ళాను. ఒక పెద్దమనిషి టీ ఇచ్చి, "శోకాలు జనం సొత్తమ్మా, వాటికి యజమాని ఎవరు? రెండు ఊళ్ళలో ఒకే పాదం వినిపించడం మామూలే" అన్నాడు. నీ దగ్గరున్న రాత చూపిస్తే, "పుస్తకం చూసి టైపు చేసి ఉండొచ్చు కదా" అంటాడు. ఆ మాట మొహమ్మీద అనకపోయినా నవ్వులో ఉంది.

సరే, పాఠం. పుస్తకాన్ని వాళ్ళే అందరికీ ఉచితంగా పెట్టారు. దాన్ని ఉత్త అక్షరాలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను. నీ కంప్యూటరులో నల్ల తెర ఎలా తెరవాలో వెనక కాగితం మీద బొమ్మ గీశాను. ఇవి ఫోనులో చెప్పేవి కావు, ఒక్క ఖాళీ తప్పినా యంత్రం మొండికేస్తుంది. అందుకని నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది.

మొదటిది గ్రెప్. గ్రెప్ అని కొట్టి, ఖాళీ వదిలి, వెతికే మాట, మళ్ళీ ఖాళీ, ఫైలు పేరు. ఆ మాట ఉన్న వరుసలన్నీ తెర మీదికి వస్తాయి. మిగిలినవి రావు. మాట మొదలు ఇస్తే చాలు, చివర ఏ ప్రత్యయం తగిలినా పట్టుకుంటుంది.

రెండోది కట్. నువ్వు ప్రతి వరుస ముందూ క్యాసెట్టు నంబరు, రెండు చుక్కలు పెట్టి టైపు చేశావు కదా. రెండు చుక్కల దగ్గర విరిచి, రెండో ముక్క మాత్రమే ఇమ్మని చెబితే నంబర్లు పోయి పాట మిగులుతుంది. ఎలా కొట్టాలో కింద పెద్ద అక్షరాలతో రాశాను. చివర బాణం గుర్తు పెట్టి ఒక ఫైలు పేరు రాస్తే, వచ్చింది తెర మీదికి కాకుండా ఆ ఫైలులోకి వెళుతుంది.

ఉన్ని తివాచీలకు పూలు కత్తిరించే చెయ్యి నీది. నీకు ఇదెంత.

అసిల్గుల్


అత్-బాషి, డిసెంబరు

అసిల్గుల్,

ఏం చేశానో చెబుతాను, నన్ను తిట్టకు.

గ్రెప్ వచ్చింది. మంచు అని కొడితే ఆ మాట ఉన్న అమ్మ పాట వరుసలన్నీ వచ్చి నిలబడ్డాయి. సంతోషంతో తెర ముందే ఏడ్చాను. తరవాత కట్ చేశాను. నంబర్లు లేకుండా శుభ్రంగా వచ్చాయి. ఆ శుభ్రమైనది దాచుకోవాలనుకుని, చివర బాణం పెట్టి, ఆ ఫైలు పేరే మళ్ళీ రాశాను. ఉన్న ఇంట్లోనే కదా సర్దుతున్నాను అనుకున్నాను.

తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. ఒక్క అక్షరం లేదు.

క్యాసెట్లు వెతికాను. మిగతావి ఉన్నాయి, మళ్ళీ టైపు చేసుకోవచ్చు. అన్న శోకం ఉన్నదాన్ని మాత్రం వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి పోయిన ఏడాదే అరగదీశాను. ఇప్పుడు పెడితే టేపురికార్డరు రీలును నమిలేసింది. నాకు నోటికి వచ్చింది కొంచెమే.

అంటే మా అన్న కోసం అమ్మ ఏడ్చిన ఏడుపు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది. ఆ దొంగ పుస్తకంలో, ఇంకొకరి పేరుతో.

ఇంతకుముందు నాకు కోపం ఉండేది. ఇప్పుడు నాలో ఉన్నదానికి పేరు తెలియదు. తివాచీ మీద పడిన నిప్పురవ్వలా పొగ లేకుండా కాలుతోంది.

బాత్మా


బిష్కెక్, డిసెంబరు

అక్కా,

తిట్టాల్సింది నన్ను. బాణం గుర్తు చూడగానే యంత్రం ముందు ఆ ఫైలును ఖాళీ చేస్తుంది, ఆ తరవాతే కత్తిరించడానికి కూర్చుంటుంది. అప్పటికి కత్తిరించడానికేమీ ఉండదు. ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకసారి చేసే తప్పే. నేనూ చేశాను. నాది ఆఫీసు కాగితం, నీది అన్న శోకం. ముందే చెప్పకపోవడం నా పాపం. పోయింది ఇక రాదు.

ఇకనుంచి ఎప్పుడూ కొత్త పేరు పెట్టు.

ఒక్కటి ఆలోచించు. సాక్ష్యం మన చేతిలో లేకపోతే అతని పుస్తకంలోనే ఉండాలి. పేర్లు మార్చాడు సరే. మార్చాలని అతనికి తోచనిది ఏదైనా మిగిలి ఉందా?

అసిల్


అత్-బాషి, జనవరి

అసిల్గుల్‌కు,

దొరికింది.

మా నాన్న తండ్రి పేరు బోరుబాయ్. ఆ పేరులోని బోరు అంటే తోడేలే కదా. అమ్మ ఆ ఇంటి కోడలు, మావగారి పేరులోని మాటను నోట పట్టకూడదు. మందలో తోడేలు పడినా "ఊళది వచ్చింది, ఊళది" అని అరిచేది. చిన్నప్పుడు మేము ఆమె చేత ఆ మాట పలికించాలని నానా వేషాలు వేసేవాళ్ళం. తోక్తోసున్ అన్న నాలుగు కాళ్ళ మీద వంగి, "నేనెవర్ని, చెప్పమ్మా" అనేవాడు. "నువ్వు నా గాడిదవి" అనేది.

నిన్న మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక అతని పుస్తకంలో తోడేలు కోసం గ్రెప్ కొట్టాను. యంత్రం ఏమీ ఇవ్వలేదు. మళ్ళీ కొట్టాను. ఏమీ లేదు. కొండల మీద, మందల మధ్య పుట్టిన అన్ని శోకాల్లో ఒక్క తోడేలు లేదు. ఊళది అని వెతికితే పేజీ నిండింది.

నేను తివాచీకి తెల్ల ఉన్నిలో పువ్వు కత్తిరిస్తే, ఆ పువ్వు పోయినా దాని ఆకారం ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఖాళీ మా అమ్మదే. ఆ సంస్థ పెద్దమనిషికి చూపించు.

బాత్మా


బిష్కెక్, ఫిబ్రవరి

అక్కా,

చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అనని మాట సాక్ష్యమెలా అవుతుందమ్మా? ఉముత్కాన్ గారికి తోడేళ్ళంటే భయమేమో" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అందులో మెదెర్‌బెక్ కూడా ఉన్నాడు. "అత్-బాషి వాళ్ళా? అక్కడ రొట్టె బాగుంటుంది" అన్నాడు. పెద్దమ్మ పేరు కూడా అడగలేదు. ఆ రొట్టె ఎవరు పెట్టారో అడగకుండానే కాగితాలు తీసుకుని వచ్చేశాను.

అతని తల్లి సంవత్సరీకం మే నెలలో వాళ్ళ సొంతూరు కొచ్కోర్‌లో చేస్తున్నారు. పిలుపు కాగితాలు పంచుతున్నారు. 'బుర్కుత్ వంశపు కోడలు, మహాతల్లి ఉముత్కాన్' అని బంగారు అక్షరాలతో వేశారు. అతిథులందరికీ తలగుడ్డతో పాటు ఆ పుస్తకం కూడా కానుకగా ఇస్తారట.

నాకు ఒళ్ళు మండిపోతోంది. కోర్టుకు వెళ్దామా? తెలిసిన లాయరు ఒకామె ఉంది.

అసిల్


అత్-బాషి, మార్చి

అసిల్గుల్‌కు,

కోర్టు వద్దు. ఆ మాట వదిలేయి. నాకు మనసు కుదుటపడింది.

చిన్న సాయం చెయ్యి. గ్రెప్ ఒక మాట ఉన్న వరుస ఇస్తుంది కదా, దానితో పాటు పైన రెండు వరుసలు, కింద రెండు వరుసలు కూడా రావాలంటే ఏం కొట్టాలి? ఇక్కడి ఆడవాళ్ళకు కొన్ని పాదాలు నేర్పుదామనుకుంటున్నాను.

ఈసారి రిస్‌బెక్‌కి విడిగా ఒక సంచి ఇచ్చాను. నీ సంచి జోలికి రాడు.

బాత్మా


బిష్కెక్, ఏప్రిల్

అక్కా,

ఫైలు పేరుకు ముందు ఒక గీత, పెద్ద సి అక్షరం, రెండు అంకె. మాట ఉన్న వరుసకు అటూ ఇటూ రెండేసి వస్తాయి. కింద రాశాను.

ఏ మాటో నువ్వు చెప్పలేదు. శోకాలు పాపమని నోరు మూసుకున్న దానివి, ఆడవాళ్ళకు నేర్పుతావా? పిలుపు కాగితం మళ్ళీ తీసి చూశాను. బుర్కుత్ వంశపు కోడలు. మెదెర్‌బెక్ తాత పేరు బుర్కుత్. వేట డేగకు మనం అనే మాట. అతని పుస్తకంలో ఆ మాట నేనూ వెతికాను. తెర ఆగకుండా కిందికి జారుతూనే ఉంది. పెద్దమ్మకు తోడేలుతో అడ్డు గాని డేగతో లేదు కదా, చచ్చిన ప్రతి మగవాణ్ణీ బుర్కుత్ అనే ఏడ్చింది.

అతను పట్నంలో పెరిగాడు, అతని పెళ్ళాం అతని తండ్రిని పేరు పెట్టే పిలుస్తుంది. ఆ ఇంటి కోడలి నోట ఆ మాట రాకూడదని అందుకే తోచలేదు.

అక్కా, వద్దు. కొచ్కోర్ ముసలమ్మల ముందు నువ్వు ఆ పాదాలు పాడితే సిగ్గులేని కోడలనిపించుకునేది ఎవరు? అతను కాదు. ఉముత్కాన్. ఆవిడ నీకేం చేసింది? ఆవిడకు ఈ పుస్తకం సంగతే తెలియదేమో. వాళ్ళు పుస్తకాన్నే నమ్మితే, సంవత్సరీకం నాడు ఒక చనిపోయిన ఆడదాని పరువు తీసినదానివవుతావు. అల్లా ముందు ఏం చెబుతావు?

జవాబు రాయి. రాయకపోతే నేనే వస్తాను.

అసిల్


అత్-బాషి, మే

అసిల్గుల్,

జవాబు రాయకుండా వెళ్ళాను. రాస్తే నీ మాట వినాల్సి వచ్చేది.

తెల్ల తలగుడ్డ కట్టుకుని, నూనెలో వేయించిన రొట్టెముక్కల మూట చేత పట్టుకుని, ఒక్కదాన్నే కొచ్కోర్‌లో దిగాను. ఎవరని ఎవరూ అడగలేదు. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళను అడగరు కదా. గుడారం బయట గుంజలకు కట్టిన గుర్రాలు, లోపల గోడవైపు తిరిగి కూర్చున్న ఆడవాళ్ళు. గుమ్మం దగ్గర మెదెర్‌బెక్ నడుముకు గుడ్డ కట్టుకుని నిలబడి వచ్చినవాళ్ళ చేతులు అందుకుంటున్నాడు. నా చెయ్యీ అందుకున్నాడు. ఎక్కడినుంచి అమ్మా అన్నాడు. దూరం నుంచి అన్నాను.

లోపల పెద్దామె అతని మేనత్త కల్‌బుబు. బుర్కుత్ సొంత కూతురు. చేతికర్రంత సన్నగా ఉంది, చూపు మాత్రం మేకు దిగ్గొట్టినట్టుంది. నా ఒళ్ళో తలగుడ్డ, పుస్తకం పెట్టారు. ముందు బిస్మిల్లా అనుకున్నాను. తరవాత ఇన్నేళ్ళూ మూసుకున్న గొంతు తెరిచాను.

"బుర్కుత్ రెక్క విరిగిందో, కొండ నీడే కూలిందో" అని ఎత్తుకున్నాను. ఆడవాళ్ళు ఊగడం ఆపేశారు. "నా చేతి మీది బుర్కుత్‌వు, గొలుసు తెంపి పోయావో" అన్నాను. ఎవరో కోడలు తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. "గుడ్డిదైన బుర్కుత్‌లా గూటిలోనే మిగిలానో" అనేసరికి కల్‌బుబు కర్ర నేలకు కొట్టింది.

"ఆపవే. ఎవరింటి పిల్లవి? మా నాన్న పేరు పట్టుకుని ఆడుకుంటున్నావా?"

"పుస్తకంలో ఉన్నదే పాడాను అపా" అన్నాను. నా గొంతు నీకు తెలుసుగా, పక్కవాళ్ళకే సరిగా వినపడదు. అందుకని గుడారమంతా వంగి విన్నారు. "మీ వదినగారు కట్టిందని రాశారు. ఆవిడ మాట మార్చకూడదని అలాగే పాడాను."

"ఏదీ, చదువు."

పక్కనున్న పిల్లకోడలు చదివింది. పుస్తకంలో ఉన్న మాట గనుక దానికీ తప్పలేదు. చదువుతూ ఎర్రబడిపోయింది. నేను నా కాగితం తీసి పేజీలు చెబుతూ ఉన్నాను. పైన రెండు వరుసలు, కింద రెండు వరుసలు. ఏ పేజీ తిప్పినా ఆ మాటే.

నీతో అబద్ధం ఆడను అసిల్. ఆ క్షణంలో వాళ్ళు పుస్తకాన్ని నమ్ముతారో ఆవిణ్ణి నమ్ముతారో నాకు తెలియదు. ఒక చనిపోయిన మనిషి పరువును పందెంలో పెట్టానని తెలిసే పెట్టాను. కల్‌బుబు మొహం చూస్తూ కూర్చున్నాను.

ఆమె నవ్వింది. పళ్ళు లేని నవ్వు.

"మా ఉముత్కానా? ఈ మాటా? ఒకసారి డేగ దిగి గొర్రెపిల్లను ఎత్తుకుపోతుంటే, పేరు ఎత్తలేక, 'అయ్యో, మావగారు గొర్రెపిల్లను పట్టుకుపోతున్నారు' అని ఊరంతా పరుగెత్తింది. మా నాన్న అప్పుడు గుడారంలో పడుకుని ఉన్నాడు. లేచొచ్చి, 'నేనెప్పుడు పట్టుకుపోయానే?' అన్నాడు. చచ్చేరోజు వరకూ డేగను వంకరముక్కుది అనే అంది గాని ఆ మాట అనలేదు. రమ్మనండి ఆ చదువుకున్నవాణ్ణి."

మెదెర్‌బెక్ వచ్చాడు. వెనకాల పెద్దమనుషులు కూడా గుమ్మంలోకి వచ్చారు.

"అది కవిత్వం అత్తా. కవిత్వంలో అలా..."

"నీ తల్లి కవిత్వం కోసం మా నాన్న పేరు నోట్లో వేసుకుని నమిలిందంటావా? లేక ఇది నీ తల్లిది కాదంటావా? రెంటిలో ఒకటి చెప్పు. ఆవిడ పేర కోసిన గుర్రం మాంసం తినబోయేముందు వీళ్ళంతా వినాలి."

అతను పుస్తకం వైపు చూశాడు. తల్లి ఫోటో వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు, ఈసారి గుర్తుపట్టాడు. మా అమ్మ కళ్ళే నావి అంటారు.

"అమ్మది కాదు" అన్నాడు.

"మరెవరిది?"

"అత్-బాషి జుమగుల్ అపాది."

"గట్టిగా చెప్పు, బయట మగవాళ్ళకు వినపడలేదు."

రెండోసారి గట్టిగా చెప్పాడు. కల్‌బుబు తన కోడళ్ళకు సైగ చేసింది. వాళ్ళు వరుసగా వచ్చి అందరి ఒళ్ళలోంచి పుస్తకాలు ఏరి, తలగుడ్డలు మాత్రం ఉంచి వెళ్ళారు. అతను చూస్తూ నిలబడ్డాడు. నేనూ చూస్తూ కూర్చున్నాను. తొందరపడలేదు. రెండు గిన్నెల మాంసంపులుసు తాగాను, ఉప్పు సరిపోయింది.

బయలుదేరేటప్పుడు టీ కాగే సమోవారు దగ్గర మెదెర్‌బెక్ నన్ను ఆపి, "ఏం కావాలి నీకు?" అన్నాడు.

"మా అన్న శోకం" అన్నాను.

బాత్మాకాన్


బిష్కెక్, జూన్

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయపడ్డాను, మూడోసారి మావగారు గొర్రెపిల్లను పట్టుకుపోయిన చోట నవ్వాను. ఉముత్కాన్ ఆత్మకు శాంతి కలగాలి. ఆవిడ ఇన్నేళ్ళ అణకువే నిన్ను కాపాడింది.

బహుమతి ఆగిపోయింది. సంస్థలోంచి అతన్ని పంపించేశారు. మొన్న మా ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. తను దాచుకున్న రీళ్ళన్నీ, టైపు చేసిన మొత్తం రాత ఇచ్చాడు. రిస్‌బెక్ చేత పంపుతున్నాను. రాతలో అకిల్‌బెక్ అలాగే ఉంది. పెద్దమ్మ పేరుతో మళ్ళీ అచ్చు వేయిస్తానని, నువ్వు క్షమించానని ఒక్కమాట రాస్తే చాలని బతిమాలాడు. బాగా ముసలాడైపోయాడు అక్కా.

ఒక మాట బదులు ఇంకో మాట పెట్టే సెడ్ అన్నది కింద రాశాను. కొత్త పేరు పెట్టు.

అసిల్


అత్-బాషి, జూన్

చెల్లి అసిల్గుల్‌కు,

సంచి చేరింది. రిస్‌బెక్ ఈసారి ఏమీ తినలేదు, లోపల తినేవి లేవు గనుక.

రీళ్ళు తడిమి పెట్టెలో పెట్టాను, తిప్పే యంత్రం దొరికాక వింటాను. సాయంత్రం అసర్ నమాజు చేసి నల్ల తెర ముందు కూర్చున్నాను. అకిల్‌బెక్ ఉన్నచోట తోక్తోసున్ పెట్టమన్నాను. బాణం తరవాత కొత్త పేరు రాసి, అది కొత్తదేనని మళ్ళీ మళ్ళీ చూసుకుని, అప్పుడు వేలు ఆనించాను.

అందులో అకిల్‌బెక్ కోసం వెతికాను. ఏమీ రాలేదు. తోక్తోసున్ కోసం వెతికాను. మా అన్న ఒక్కో వరుసగా పైకి వచ్చాడు, తెర నిండేదాకా. అత్తగారు మంచం మీదనుంచి ఏం చదువుతున్నావే అన్నారు. గొంతెత్తి చదివాను. ముల్లాగారింటిదాకా వినపడి ఉంటుంది.

అచ్చు వేయించమను. అమ్మ పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. అతని పేరు ఎక్కడా ఉండకూడదు, వచ్చాక గ్రెప్ కొట్టి చూస్తాను.

క్షమాపణ నా దగ్గర లేదని చెప్పు. పుస్తకం వచ్చిందా అని చనిపోయేదాకా అడిగిన మనిషి దగ్గర ఉంది. అక్కడికి వెళ్ళినప్పుడు అతన్నే అడుక్కోమను.

నీ అక్క
బాత్మాకాన్